దెయ్యం సరే, నింద యెవరికి?

దెయ్యాల బొమ్మలంటే పెద్దమనుషులకు చులకన. "అవీ వొక సినిమాలేనా అండీ! పని లేనివాడు తీస్తాడు, పని లేనివాడు చూస్తాడు" అని తీర్పు చెప్పి పడక్కుర్చీలో వెనక్కు వాలుతారు. రాత్రి పదకొండు దాటాక ఇంటిల్లిపాదీ నిద్రపోయారని రూఢి చేసుకొని, సెల్‌ఫోను దుప్పట్లోకి లాక్కొని ఆ బొమ్మలే చూసేదీ వారే. పొద్దున్న కళ్ళు యెర్రగా వున్నాయేమని అడిగితే దోమలంటారు. సరే, వారి జోలి మనకెందుకు?

ఈ శీర్షిక అలవాటున్న పాఠకులకు నా పక్షపాతం తెలిసిందే. పెద్ద హీరో పేరు లేకుండా, కటౌట్లూ పాలాభిషేకాలూ లేకుండా, శుక్రవారం వచ్చి మంగళవారానికి గోడ మీద పోస్టరు కూడా మిగల్చకుండా వెళ్ళిపోయే చిన్న చిత్రాలంటే నాకు ప్రీతి. మన వూళ్ళలో అటువంటి బొమ్మకు పట్టుమని పదిమంది పోగయితే ఆట వేస్తారు, లేకపోతే డబ్బులు చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ పదో మనిషి కోసం గేటు దగ్గర నిలబడి దారి చూసిన రోజులు నాకు చాలా వున్నాయి.

ఈ నాలుగయిదేళ్ళుగా ఆ చిన్న బొమ్మల్లో యెటు చూసినా దెయ్యాలు, చేతబడులు, హత్యలు, అపరాధ పరిశోధనలు. ఈ వారం వాటి లెక్క చూద్దాం. మెచ్చుకోవలసినదాన్ని మెచ్చుకొని, అడగవలసిన ప్రశ్న వొకటి అడుగుదాం. ఆ ప్రశ్న నాకు తోచింది కాదు. వొక పాఠకురాలు వుత్తరంలో అడిగింది. దాని దగ్గరకు కాసేపట్లో వస్తాను.

* * *

ముందు వొక సందేహం తీర్చుకుందాం. చిన్న నిర్మాతలందరూ కట్టగట్టుకొని దెయ్యాల వెంట యెందుకు పడుతున్నారు?

డబ్బు సంగతే, మరేమీ లేదు. ప్రేమకథ తీయాలంటే పేరున్న జంట కావాలి, అయిదారు పాటలు కావాలి, ఆ పాటలకు కొండలూ లోయలూ విమానం టిక్కెట్లూ కావాలి. పౌరాణికానికి కిరీటాలు కావాలి. దెయ్యానికి ఇవేవీ అక్కరలేదు. వొక ఇల్లు, నలుగురు నటులు, కావలసినంత చీకటి వుంటే చాలు. చీకటికి అద్దె కట్టనక్కరలేదు.

ఇది మనవాళ్ళు కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. 1968లో అమెరికాలో జార్జి రొమేరో అనే ఆయన మిత్రబృందంతో కలసి డబ్బు పోగుచేసి, సుమారు లక్షా పధ్నాలుగు వేల డాలర్లతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే చిత్రం తీశారు. పల్లెటూళ్ళో వొక ఇల్లు, లోపల తలుపులకు చెక్కలు కొట్టుకొని దాక్కున్న యేడుగురు మనుషులు, బయట లేచి తిరిగే శవాలు. అంతే కథ. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ వాళ్ళు ముగ్గురు విద్యార్థులను కెమెరాలతో అడవిలో తిప్పి, మంత్రగత్తెను వొక్కసారి కూడా చూపించకుండానే లోకాన్ని హడలగొట్టారు.

మన దగ్గర 1992లో రామ్‌గోపాల్ వర్మ రేవతితో ‘రాత్రి’ తీశారు. 2012లో రవిబాబు ‘అవును’ తీశారు. అందులో కొత్త కాపురం పెట్టిన పూర్ణను కంటికి కనిపించని వాడొకడు ఇంట్లోనే వెంటాడుతాడు. ఈ రెండింటినీ చూసినవారికి వొక సంగతి గుర్తుండే వుంటుంది. భయం కంటికన్నా ముందు చెవిని పట్టుకొంటుంది. తలుపు కిర్రుమనడం, పై గదిలో యేదో దొర్లడం, అన్నిటికన్నా మించి వున్నట్టుండి అంతా నిశ్శబ్దమయిపోవడం. అందుకే నా సలహా వొకటి: దెయ్యం బొమ్మను హాల్లో చూడండి. అది కుదరకపోతే చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని చూడండి. వంటింట్లో పోపు వేస్తూ, మధ్యలో పాలవాడికి లెక్క చెబుతూ ఫోనులో చూసి "ఇందులో భయపడడానికేముంది?" అనకండి. ఆ దెయ్యం యెంత కష్టపడినా మీ పోపు చప్పుడుకు సాటిరాదు.

చీకటి సంగతి మన జిల్లాల వాళ్ళకు వొకరు నేర్పనక్కరలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూశాం. 2018 అక్టోబరులో తిత్లీ చూశాం. తిత్లీ పలాస చేరువలో తీరం దాటిన తరువాత ఉద్దానం వూళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. కూలిన కొబ్బరిచెట్ల మధ్య, దీపం లేని ఇంట్లో, గాలి వూపిరి వింటూ కూర్చున్న మనిషికి తెర మీద చీకటి అసలుదో నకిలీదో చూడగానే తెలిసిపోతుంది. అటువంటి ప్రేక్షకులకు నీలం రంగు దీపం వేసి చూపించి ఇదే అర్ధరాత్రి అంటే, నేల క్లాసు నుంచి ఈల వినిపిస్తుంది.

* * *

ఆ ఈల తప్పించుకొన్న బొమ్మ ‘మసూద’. 2022 నవంబరులో వచ్చింది. దర్శకుడు సాయికిరణ్‌కు అది తొలి చిత్రం. నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా. బడిలో పాఠాలు చెప్పుకొంటూ కూతుర్ని వొంటరిగా పెంచుకొంటున్న తల్లిగా సంగీత, కూతురుగా బాంధవి శ్రీధర్, పక్కింటి కుర్రవాడు గోపీగా తిరువీర్ వేశారు. కూతురి నడత వొక రాత్రి మారిపోతుంది. తల్లికి దిక్కు తోచక పక్కింటి తలుపు తడుతుంది.

ఈ చిత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ కుర్రవాడి పిరికితనం. అతను కథానాయకుడే గాని, వీరుడు కాడు. రక్తం చూస్తే వణుకుతాడు. అయినా వెళతాడు. యెందుకు వెళతాడంటే, పక్కింటివాళ్ళు పిలిచారు కాబట్టి. మన వూళ్ళలో అర్ధరాత్రి యెవరికయినా కడుపునొప్పి వస్తే ఆటో కోసం పరుగెత్తేవాడు యెవడు? పక్కింటి కుర్రవాడే. వాడికి కండలుండవు, పాటలుండవు. ఆ మనిషిని తెలుగు తెర మీద చూసి చాలాకాలమయింది.

విజయనగరంలో రెండో ఆటకు వెళ్ళాను. మొదటి గంట కథ నెమ్మదిగా నడుస్తుంటే నా వెనక వరుస కుర్రవాళ్ళు గోల పెట్టారు. తరువాత గోల తగ్గింది. తరువాత బొత్తిగా ఆగిపోయింది. వొక చోట కూతురు వున్న గది తలుపు మీద తల్లి చెయ్యి వేస్తుంటే, ముందు వరుసలోంచి వొకావిడ "ఒలమ్మో, ఒద్దే తల్లీ, ఎళ్ళకే!" అని పైకే అనేసింది. యెవరూ నవ్వలేదు. దర్శకుడికి అంతకన్నా పెద్ద బహుమానం లేదు. చివరి భాగంలో మాత్రం కత్తులూ, నెత్తురూ, పరుగులూ శ్రుతి మించాయి. అంతవరకు చెవిలో గుసగుసలాడిన చిత్రం వున్నట్టుండి డప్పు అందుకొంది. పావుగంట కత్తిరించి వుంటే ఇంకా బాగుండేది.

తరువాత ‘మా వూరి పొలిమేర’. దర్శకుడు అనిల్ విశ్వనాథ్. 2021 డిసెంబరులో ఇది హాళ్ళకు రాకుండా హాట్‌స్టార్‌లో నేరుగా ఫోన్లలోకి వచ్చింది. జనం వొకరికొకరు చెప్పుకొని చూశారు. 2023 నవంబరులో రెండో భాగం హాళ్ళకే వచ్చింది. హాల్లో ఆడిన బొమ్మ ఫోనులోకి దిగడం మామూలు. ఫోనులో పుట్టిన బొమ్మ హాలుకు యెక్కడం విశేషం. చిన్న చిత్రాల చరిత్ర వ్రాసేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. హాస్యగాడిగా మనమెరిగిన సత్యం రాజేష్‌కు ఆటో నడుపుకొనే కొమిరి వేషం ఇచ్చి, ఆ నవ్వు ముఖంలోనే భయం పుట్టించారు. అది దర్శకుడి తెలివి, నటుడి శ్రద్ధ.

అయితే రెండో భాగం చూశాక వొక మాట అనాలనిపించింది. మలుపు మీద మలుపు, ఆ మలుపు మీద ఇంకొక మలుపు. లేచి బయటికి వెళ్ళేసరికి యెవరు యెవరిని యెందుకు చంపారో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవలసి వచ్చింది. చివరకు మూడో భాగం వున్నదని సైగ చేసి పంపేశారు. మన వారపత్రికల సీరియల్ రచయితలు కూడా ప్రకరణం చివర గొంతు మీద కత్తి పెట్టి ‘సశేషం’ అంటారు. కాని వచ్చే వారం ఆ కత్తి సంగతి తేలుస్తారు. సినిమా వారు సశేషం మాత్రమే నేర్చుకొని, తేల్చడం మన సీరియల్ వారికి వదిలేశారు.

2024 దీపావళికి వచ్చిన ‘క’ను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సుజీత్, సందీప్ అనే ఇద్దరు కలసి దర్శకత్వం వహించారు. కిరణ్ అబ్బవరం పోస్టుమాన్ వేషం వేశారు. చుట్టూ కొండలు కమ్ముకొని వుండడం చేత మధ్యాహ్నం మూడింటికే పొద్దు గూకిపోయే వూరు. పరుల వుత్తరాలు విప్పి చదివే పోస్టుమాన్. ఈ రెండు వూహలూ చాలు, టిక్కెట్టు డబ్బు కిట్టినట్టే. కొండ నీడ వూరి మీద ముందుగా పడడం యెలా వుంటుందో మన సీతంపేట, పాచిపెంట వైపు వారికి బాగా తెలుసు.

* * *

ఇక మన వూళ్ళ కథలు. 2025 మే నెలలో ‘శుభం’ వచ్చింది. నటి సమంత నిర్మించారు. ‘సినిమా బండి’ తీసిన ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. కథాస్థలం మన భీమునిపట్నం. కేబుల్ టీవీ రోజుల కథ. రాత్రి సీరియల్ వేళ అయ్యేసరికి వూళ్ళో భార్యలందరికీ యేదో ఆవహిస్తుంది. కళ్ళు తెర మీద నిలిచిపోతాయి. మధ్యలో మొగుడు నోరెత్తితే వాడి పని అంతే.

నవ్వించారు. కాని వుత్త నవ్వు కాదది. తెలుగు తెర మీద దెయ్యం పట్టేదల్లా ఆడదానికే. వేపమండల దెబ్బలూ ఆవిడకే, గొలుసులూ ఆవిడకే. ఈ చిత్రంలో కూడా పట్టింది ఆడవాళ్ళకే గాని, దర్శకుడు వేలు చూపించింది మొగుళ్ళ వైపు. పెళ్ళాం అదుపులో వుండాలని మీసం మెలివేసేవాడు, ఆ పెళ్ళాం కళ్ళెర్రజేసి చూస్తే మంచం కిందికి దూరతాడు. హాల్లో ఆడవాళ్ళు నవ్విన నవ్వుకూ, మగవాళ్ళు నవ్విన నవ్వుకూ తేడా వుంది. ఆడవాళ్ళ నవ్వు ఇంకాస్త సేపు నిలిచింది.

ఇంకో మంచి సంగతి మన యాస. ఇంతకాలం సినిమాల్లో మన యాసకు దక్కిన వేషాలు యేమిటి? పనిమనిషి, జట్కావాడు, తెల్లమొహం వేసే కానిస్టేబులు. ‘ఏటి’ అనగానే నవ్వాలని పట్నం ప్రేక్షకుడికి నేర్పిపెట్టారు. ఇందులో అందరూ అలాగే మాట్లాడుకొంటారు. అందుచేత యాస హాస్యం కాకుండా మాట అయింది.

2024 క్రిస్మస్‌కు వచ్చిన ‘శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్’ పేరు చూసి మా వూళ్ళో చాలామంది మురిసిపోయారు. రైటర్ మోహన్ దర్శకుడు, వెన్నెల కిశోర్ అపరాధ పరిశోధకుడు. 1991 మే నెల, రాజీవ్ గాంధీ హత్య జరిగిన రోజులు, సముద్రపు వొడ్డున వొక యువతి శవం. కాలం యెన్నిక చాలా బాగుంది. 21వ తేదీన రాజీవ్ గాంధీ విశాఖపట్నం నుంచే మద్రాసుకు బయలుదేరారు. పోలీసులకు వూపిరి ఆడని రోజులవి. అటువంటి రోజుల్లో వొక పేదింటి శవాన్ని యెవరు పట్టించుకొంటారు? ఈ ప్రశ్నను పట్టుకొని సాగి వుంటే గొప్ప చిత్రం అయ్యేది. నవ్వించాలనే ఆత్రంలో దాన్ని అక్కడక్కడ జారవిడిచారు. శ్రీకాకుళం పేరు పెట్టుకొన్నందుకు ఇంకాస్త శ్రీకాకుళం చూపించి వుండవలసింది అని మా వాళ్ళ ఫిర్యాదు. నాదీ అదే.

* * *

ఇప్పుడు ఆ వుత్తరం.

పార్వతీపురం వైపు కొండ వూళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పే సోదరి వొకరు వ్రాశారు. పేరు వేయవద్దన్నారు. వారి వూళ్ళో వొక ముసలమ్మ వుంది. వెనకాముందూ యెవరూ లేరు. ఆకు పసర్లు తెలుసు. తేలు కుట్టినా, బిడ్డకు అజీర్ణం చేసినా జనం ఆమె దగ్గరకే వెళ్ళేవారు. పోయిన వానాకాలం జ్వరంతో ఇద్దరు పసివాళ్ళు పోయారు. అప్పటి నుంచి ఆమె గడప తొక్కేవారు తగ్గారు. ఇంతలో కుర్రవాళ్ళు యేదో చేతబడి సినిమా ఫోనులో చూశారు. ఇప్పుడు రాత్రి పూట ఆమె వాకిట్లో నిమ్మకాయలు కోసి, కుంకుమ చల్లి పారిపోతున్నారు. సినిమాలోని మంత్రగత్తె పేరుతో పిలుస్తున్నారు. పెద్దవాళ్ళు చూసి నవ్వుతున్నారు.

"ఈ నవ్వు యెన్నాళ్ళు నవ్వుగా వుంటుందో నాకు భయంగా వుంది. మీరు ఈ బొమ్మలను మెచ్చుకొంటూ వ్రాస్తారు గదా, ఆ ముసలమ్మకు యేం చెబుతారు?" అని అడిగారు.

పాఠకులారా, ఇది తేలిగ్గా దాటవేసే ప్రశ్న కాదు. చిల్లంగి అనే మాట మన జిల్లాల్లో యెవరికీ కొత్త కాదు. మన్యం వూళ్ళలో అంతు తెలియని జ్వరం వచ్చినా, పశువు పడిపోయినా, చిల్లంగి పెట్టారని ఎవరో వొకరి మీద వేలు చూపించడం, ఆ మనిషిని వెలివేయడం, కొట్టడం, కొన్నిసార్లు చంపడం కూడా మన పత్రికల్లో చదివిన వార్తలే. సరిహద్దుకు అవతల ఒడిశాలో ఇదే బాధ. అక్కడి ప్రభుత్వం మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని నేరం చేస్తూ 2013లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది. అంతకుముందే బీహారులో 1999లో అటువంటి చట్టం వచ్చింది. చట్టం చేయవలసి వచ్చిందంటే యెందరి ప్రాణాలు పోయివుంటాయో వూహించుకోవచ్చు.

చిల్లంగిని సినిమా పుట్టించలేదు. సినిమా పుట్టకముందే అది వుంది. కాబట్టి ఈ బొమ్మలన్నీ ఆపెయ్యాలనే వారితో నేను యేకీభవించను. భయపడడం మనిషికి సహజం. పదిమందితో కలిసి చీకట్లో కూర్చొని భయపడి, బయటికి వచ్చి టీ తాగి నవ్వుకోవడం ఆరోగ్యం కూడా. కాని సినిమా వొక పని చేస్తుంది. గాలిలో తిరిగే అనుమానానికి వొక ముఖం తగిలిస్తుంది. ఆ ముఖం యెటువంటిదో చూడండి: ముసలిది, వొంటరిది, జుట్టు విరబోసుకొన్నది, పేదది, మన వూరిది కానిది. మైదానం వాళ్ళ సినిమాలో మంత్రగాడు కొండ మీంచి దిగుతాడు, లేకపోతే ఒడిశా నుంచి వస్తాడు. కొండవాళ్ళను అడిగితే అవతలి కొండవాడిదంటారు. దెయ్యం యెప్పుడూ పక్క వూరిదే.

అందుకని ఈ మధ్య నేను బొమ్మ చూశాక వొక లెక్క వేసుకొంటున్నాను. యెంత భయపెట్టారు అన్నది మొదటి లెక్క. భయమంతా అయ్యాక నింద యెవరి మీద పడింది అన్నది రెండో లెక్క. ఇప్పటివరకు చెప్పిన బొమ్మలనూ, మరి కొన్నిటినీ ఈ రెండో లెక్కతో వొకసారి తిరగేద్దాం.

2023 ఏప్రిల్‌లో వచ్చిన ‘విరూపాక్ష’ చిన్న చిత్రం కాదు గాని, దీని చూపు మీద చాలా చిన్న చిత్రాలు నడుస్తున్నాయి కాబట్టి చెప్పాలి. కార్తీక్ దండు దర్శకుడు. మొదట్లోనే క్షుద్రపూజలు చేస్తున్నారన్న అనుమానంతో వూరు వూరంతా కలిసి వొక జంటను చంపే ఘట్టం వుంది. వొళ్ళు జలదరించే ఘట్టం. అక్కడ నింద జనం మీద పడింది; సరయిన చోటే పడింది. కాని పన్నెండేళ్ళ తరువాత తీర్చుకొనే పగకు ఆయుధం మళ్ళీ నిజమైన క్షుద్రవిద్యే. "చూశారా, ఆనాడు మనం అనుమానించింది వూరికేనా?" అని వూరు తల యెగరేసే అవకాశం మిగిలిపోయింది. ‘మసూద’లో పీడించే ఆత్మ బ్రతికి వున్న రోజుల్లోనే క్షుద్రవిద్య చేసిన స్త్రీ. అయితే సాయం చేయడానికి వచ్చిన బాబా కూడా ఆ మతం వారే కావడం వల్ల, నింద వొక జాతి మీదికి పోకుండా ఆగింది. అంతవరకు మేలు. ‘పొలిమేర’ వూరి అనుమానాన్ని వూరే అనుభవించేటట్లు చేసింది గాని, మలుపుల సందడిలో ఆ మాట సరిగా వినబడలేదు.

2023 నవంబరులో వచ్చిన ‘మంగళవారం’ ఈ లెక్కలో నయం. అజయ్ భూపతి దర్శకుడు, పాయల్ రాజ్‌పుత్ నాయిక. వూళ్ళో గోడల మీద ఇద్దరి పేర్లు కలిపి వ్రాసి వుంటాయి. ఆ ఇద్దరూ శవాలయి దొరుకుతారు. మంగళవారమంటే విజయనగరం వాళ్ళకు పైడితల్లి అమ్మవారి సిరిమాను గుర్తు రావాలి గాని, ఈ సినిమా చూశాక కొన్నాళ్ళపాటు గోడల వైపు చూడడానికి జంకాను. కొన్ని దృశ్యాల్లో మోటుతనం వుంది. పిల్లలతో చూసే బొమ్మ కాదు. కాని చివరకు దర్శకుడు వేలు చూపించింది వూరి నోటి వైపు. వొక ఆడదాని మీద నోరు పారేసుకొనే వూరికన్నా పెద్ద దెయ్యం లేదన్నాడు. ఆ మాట నిలిచింది.

అన్నిటికన్నా పైన నేను నిలబెట్టేది 2019 జూన్‌లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ను. స్వరూప్ ఆర్.ఎస్.జె. దర్శకుడు, నవీన్ పోలిశెట్టి నెల్లూరులో వొక బక్క డిటెక్టివు. రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాల కథ. ముడి విప్పి చెప్పడం చూడనివారికి అన్యాయం కాబట్టి ఇంతమట్టుకే చెబుతాను: జనానికి చావు మీద వున్న భయాన్నీ, దేవుడి మీద వున్న నమ్మకాన్నీ పెట్టుబడిగా పెట్టి వ్యాపారం చేసే మనుషులే అందులో దెయ్యాలు. రెండున్నర గంటలు నవ్వించి, హడలించి, ఇంటికి వెళ్ళేటప్పుడు చేతిలో వొక దీపం పెట్టి పంపారు.

మొదట చెప్పిన అమెరికా చిత్రం సంగతి తీసుకోండి. రాత్రంతా శవాలతో పోరాడి ఆ ఇంట్లో బ్రతికి బయటపడినవాడు వొక్కడే, నల్లజాతి యువకుడు. తెల్లవారింది. రక్షించడానికి తుపాకులతో వచ్చిన జనం కిటికీలో అతన్ని చూసి, వీడూ శవమే అనుకొని కాల్చి చంపారు. శవాల సంగతి ఆ సినిమా చూసినవాళ్ళు మరిచిపోతారేమో గాని, ఆ వొక్క తుపాకి గుండును మరిచిపోరు. యాభయి యేళ్ళు దాటినా ఆ చిత్రం నిలిచింది అందుకే.

అంత దూరం యెందుకు? మన విజయనగరమే వుంది. 1909లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు తీసి చూడండి. లుబ్ధావధాన్లు ఇంట్లో కొత్త పెళ్ళికూతురు రాత్రికి రాత్రి మాయమవుతుంది. అది దెయ్యమేనని ఇల్లంతా హడలిపోతుంది. పూజారి గవరయ్య దిగి, దెయ్యాన్ని సీసాలో బిగించానంటాడు. మాయమయిన పెళ్ళికూతురు ఆడవేషం కట్టిన కుర్రవాడని నాటకం చూసేవారికి ముందే తెలుసు. గురజాడ వారు జనం భయాన్ని రంగం మీద నిలబెట్టి, నింద తీసుకువెళ్ళి గవరయ్య సీసా మీద పెట్టారు. నూరేళ్ళు దాటాక కూడా మన సినిమాలు కొన్ని ఆ సీసాకే దండం పెడుతున్నాయి!

* * *

మన జిల్లాల్లో కెమెరాలు పట్టుకొన్న కుర్రవాళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. వారికి వొక మాట. మీకు పెద్ద హీరో లేడు కాబట్టి వాడిని దేవుణ్ణి చేయవలసిన బాధ్యత లేదు. పెద్ద డబ్బు లేదు కాబట్టి అందరినీ మెప్పించాలనే బెంగ లేదు. అదే మీ స్వేచ్ఛ. దాన్ని మళ్ళీ నిమ్మకాయలకూ పుర్రెలకూ ఖర్చు పెట్టకండి. ఉద్దానంలో యేళ్ళ తరబడి ఇంటింటికీ వెళ్ళి మనుషులను తీసుకుపోతున్న మూత్రపిండాల జబ్బు వుంది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంతవరకు వొక్కమాటగా తేల్చలేకపోయారు. నీళ్ళా, మట్టా, మందులా? అంతకన్నా భయం గొలిపే అపరాధ పరిశోధన కథ యెక్కడ దొరుకుతుంది? వేటకు వెళ్ళి పరాయి దేశపు నీళ్ళలో చిక్కుకొన్న పడవలున్నాయి. చిల్లంగి నింద పడిన మనిషి వైపు నుంచి వొక రాత్రి కథ చెప్పండి. తలుపు బయట జనం, లోపల వొక్క ముసలమ్మ. రొమేరోకు సరిపోయిన ఇల్లు మీకూ సరిపోతుంది. ఆ రాత్రి హాల్లో వున్న ప్రతివాడూ తలుపుకు లోపలివైపు కూర్చొని భయపడాలి. అప్పుడు తెలుస్తుంది దెయ్యం యెటువైపు వుందో.

ఇక వుత్తరం వ్రాసిన సోదరికి. అమ్మా, ఆ ముసలమ్మకు నేను చెప్పగలిగింది తక్కువ. మీరు చేయగలిగింది యెక్కువ. ఆ జ్వరం సంగతి ఆరోగ్య కేంద్రం వారికి చెప్పి, వూరివారి ముందే నెత్తురు పరీక్షలు చేయించండి. జ్వరానికి పేరు దొరికితే చిల్లంగికి సగం బలం పోతుంది. నిమ్మకాయల ఆట మాటల్లోంచి చేతల్లోకి దిగుతున్నట్లు అనుమానం కలిగితే పోలీసులకు చెప్పడానికి మొహమాటపడకండి. అన్నిటికన్నా ముందు వొక పని చేయండి. మీ బడి పిల్లలను వెంటబెట్టుకొని పట్టపగలు వెళ్ళి ఆమె అరుగు మీద కూర్చోండి. ఆమెకు తెలిసిన ఆకుల పేర్లు అడిగి పిల్లల చేత పలకల మీదా, పుస్తకాల్లోనూ వ్రాయించండి. తన దగ్గర పాఠం నేర్చుకొన్న మనిషిని మంత్రగత్తె అని పిలవడం పిల్లలకు కష్టం.

పిల్లలు దెయ్యం బొమ్మ చూస్తామని మారాం చేస్తే ఆత్రేయను చూపించండి. చూశాక వొక్క ప్రశ్న వేయండి: ఇందులో దెయ్యం యెవరు? వాళ్ళ జవాబులు నాకు వ్రాసి పంపండి. ఈ శీర్షికలో వేస్తాను.